మా మేనల్లుడు ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌కి పేరిస్తానంటున్నాడు, ఇవ్వనివ్వచ్చా?

వారాసిగూడ మామ:
మా అక్కావాళ్ళు డాలస్‌లో ఉంటారు. వాళ్ళబ్బాయి అక్కడే పుట్టాడు. ఒక చిన్న డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీలో మూడో ఏడు చదువుతున్నాడు, పవర్ ఫార్వర్డ్, అంటే బాస్కెట్ దగ్గర ఆడే పొడుగువాడు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. (మావైపు ఎవరూ 5 అడుగుల 8 దాటలేదు, అదంతా బావ తరఫు ఎత్తు.) ఈ సీజన్‌లో మ్యాచ్‌కి 17 పాయింట్లు, 8 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని పట్టుకోవడం). ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఎవరూ అడ్డం లేకుండా వేసేవి) వందకి 81 పడుతున్నాయి, త్రీలు (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్లవి) మాత్రం 29. ఇప్పుడు డ్రాఫ్ట్‌కి, అంటే ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే దానికి, వెళ్తానని పట్టుబట్టాడు. అక్క రోజూ ఫోన్ చేసి "నువ్వూ ఆడినోడివే కదరా, ఏదో ఒకటి చెప్పు" అంటుంది. నేను ఆడింది సికింద్రాబాద్ వైఎంసీఏలో, అదీ ఇంటర్ దాకా. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి వాడి మ్యాచ్‌లు చూస్తాను, వాడు బాస్కెట్ వేస్తే అరుస్తాను. అంతకుమించి నాకు తెలీదు. మేనల్లుడని మొహమాటపడకుండా నిజం చెప్పండి.

పాత సెంటర్:
మామగారూ, నేను రైల్వేకి ఆడాను, ఇప్పుడు విక్టరీ ప్లేగ్రౌండ్‌లో పిల్లలకి నేర్పుతున్నాను. ముందు ఆ 17 పాయింట్లు పక్కన పెట్టండి. కాలేజీలో బంతి వాడి చేతికే వస్తుంది కాబట్టి పడుతున్నాయి. ఎన్‌బీఏలో అలా ఎవరూ ఇవ్వరు. గొంజాగా కాలేజీలో డ్రూ టిమ్మీ అని ఒక ఫార్వర్డ్ ఉండేవాడు, మీసాలతో భలే ఉండేవాడు. ఆ కాలేజీ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టాడు. 2023 డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లూ అయిపోయాయి, అతని పేరు ఎవరూ పిలవలేదు.

నేనైతే ముందు అడిగేది, వీడు ఎవరిని ఆపగలడు అని. 6-7 అంటే అక్కడ సెంటర్లకి (బాస్కెట్ కింద ఆడే బాగా పొడుగువాళ్ళకి) చిన్నవాడు, వింగ్ ఆటగాళ్ళకి (పక్కల నుంచి ఆడే చురుకైనవాళ్ళకి) నెమ్మది అనుకుంటారు. ఆ రెండింటి మధ్య ఇరుక్కుపోయినవాళ్ళు చాలామంది. ఎన్‌బీఏ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్‌దీ దాదాపు ఇదే ఎత్తు. మిషిగన్ స్టేట్ కాలేజీలో నాలుగేళ్ళూ ఆడి వస్తే 2012లో 35వ నంబర్‌కి గానీ తీసుకోలేదు. కానీ చేతులు రెండు పక్కలకీ చాపితే 7 అడుగులు దాటతాడు, కోర్టులో ఒకటో స్థానం నుంచి అయిదో స్థానం దాకా ఎవరినైనా కాస్తాడు. అందుకే నిలబడ్డాడు. మీవాడి చేతుల కొలత తెలుసా?

ఇంకో సంగతి. వాళ్ళ టీమ్ జోన్ (మనిషిని కాకుండా తలా ఒక చోటు కాయడం) ఆడుతుందా? జోన్‌లో బాస్కెట్ కింద పాతుకుపోయి రీబౌండ్లు ఏరుకోవచ్చు. ఎన్‌బీఏలో దగ్గర్లో మనిషిని కాయకుండా పెయింట్‌లో (బాస్కెట్ ముందున్న గడిలో) మూడు సెకన్లు దాటితే విజిలే. అప్పుడు 8 రీబౌండ్లు ఎన్నవుతాయో చూడాలి.

నాకు ఆశ ఉన్నది ఒక్క ఫ్రీ త్రోల మీదే. 81 అంటే చెయ్యి మంచిది. త్రీలు పడకపోవడం కాళ్ళదో, తొందరదో అయ్యుండచ్చు, అది దిద్దుకోవచ్చు. ఎన్‌బీఏ ఆటగాడు కవాయ్ లెనర్డ్‌కి కాలేజీలో నాలుగు త్రీలు వేస్తే ఒకటి పడేది, శాన్ ఆంటోనియో జట్టువాళ్ళు అతని షాట్‌నే మార్చేశారు. మీవాడికి అక్కడ దొరికే పని ఎక్కువగా కార్నర్‌లో (కోర్టు మూలలో) నిలబడి త్రీలు వెయ్యడమే. ఎన్‌బీఏ త్రీ గీత మధ్యలో 23 అడుగుల 9 అంగుళాలు, కార్నర్‌లో 22 అడుగులే. కాలేజీ గీతకి, దానికి పెద్ద తేడా లేదు. కార్నర్ నుంచి రోజూ ఎన్ని వేస్తాడో అడగండి.

నైట్‌షిఫ్ట్ బాబు:
అన్నా, వయసు కూడా చూడండి. పద్దెనిమిదేళ్ళవాడు 12 కొడితే జట్లు వెంటపడతాయి, ఇరవై ఒకటి దాటినవాడు 17 కొట్టినా "ఇంతే కదా" అంటాయి. డబ్బు సంగతి అయితే, మొదటి రౌండ్‌లో పోతే రెండేళ్ళ జీతం గ్యారంటీ. రెండో రౌండ్‌లో అలాంటి హామీ లేదు. మన సత్నామ్ సింగ్‌ని 2015లో డాలస్ జట్టు 52వ నంబర్‌కి తీసుకుంటే ఇక్కడ మా ఫ్లోర్ అంతా స్వీట్లు పంచాం. పాపం, ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ కూడా ఆడలేదు. పైగా 2021 నుంచి కాలేజీలో ఉండి కూడా ప్రకటనల మీద సంపాదించుకోవచ్చు కదా, తొందరేంటి?

పాత సెంటర్:
బాబు చెప్పింది కరెక్టే. అయినా పేరివ్వడం వేరు, ఉండిపోవడం వేరు. పేరిచ్చి, జట్ల దగ్గర వర్కౌట్లు చేసి, వాళ్ళేమంటున్నారో విని, గడువులోపు వెనక్కి తీసుకుంటే కాలేజీకి తిరిగి రావచ్చు. ఒకటే జాగ్రత్త, కాలేజీలో నియమాలు చూసేవాళ్ళని అడగకుండా ఏ ఏజెంటు కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.

వారాసిగూడ మామ:
సార్, అక్క నిన్న టైలరింగ్ టేపుతో కొలిచింది. వాణ్ణి గోడకి ఆనించి, బావ ఒక చెయ్యి పట్టుకుని, అక్క స్టూలెక్కి. 6 అడుగుల 10. జోన్ గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఎప్పుడూ అదే ఆడతాం మామా" అన్నాడు.

పాత సెంటర్:
చేతులు ఫరవాలేదు, గొప్పా కావు. జోన్ మాట వినగానే నాకు సగం అర్థమైంది. ఈసారికి డ్రాఫ్ట్ కష్టం, మొహమాటం లేకుండా చెప్తున్నా. పేరిచ్చి చూడనివ్వండి, వెనక్కి రమ్మనండి. వచ్చే ఏడాది ఎదుటివాణ్ణి మనిషికి మనిషి కాసే టీమ్‌కి మారితే, అప్పుడు మాట్లాడుకుందాం.

వారాసిగూడ మామ:
అదే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున వీడియో పంపాడు, ఇంటి దగ్గర పార్కులో కార్నర్ నుంచి వేస్తున్నాడు. 50కి 19 పడ్డాయి. బంతి ఏరి ఇస్తున్నది అక్క, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని.