దౌహృదమా, దౌర్హృదమా? సుదక్షిణ మట్టి తిన్న ఘట్టం దగ్గర ఒక సందేహం

పాతపుస్తకాలు:
కాళిదాసు రఘువంశం మూడో సర్గ మొదటి శ్లోకం, దిలీపుడి భార్య సుదక్షిణ గర్భవతి అయిందని చెప్పేది, దాని చివరి పాదం నిన్నటి నుంచీ వదలట్లేదు నన్ను. నాకు నోటికి వచ్చింది "సుదక్షిణా దౌహృదలక్షణం దధౌ" అని, దౌహృదం అంటే వేవిళ్లు, గర్భిణి కోరికలు. ఒక పాత ప్రతి తీసి చూస్తే "దౌర్హృదలక్షణం" అని రేఫతో, అంటే మధ్యలో ర్ తో ఉంది. ఏది అసలు పాఠం? పేపర్లలో రోజూ చూసే మన "దోహదం" ఇందులోంచి వచ్చిందేనా?

గురులఘువు:
ఛందస్సు పట్టుకుంటే తేలిపోతుందని ఎవరైనా అనేలోపే చెప్తున్నా, తేలదు. వంశస్థం అనే వృత్తం అది, గణాలు జ త జ ర. "దౌ" ఎలాగూ దీర్ఘం కాబట్టి గురువే, పక్కన రేఫ చేరినా చేరకపోయినా లెక్క మారదు. రెండు పాఠాలూ బతికిపోవడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది.

వ్యాఖ్యానప్రియ:
రఘువంశానికి వ్యాఖ్యానం రాసిన మల్లినాథుడిని చూడండి. తన హృదయం ఒకటి, గర్భంలో ఉన్నదాని హృదయం ఒకటి, అందుకని గర్భిణి ద్విహృదయ అంటాడు. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుతంలో శారీరస్థానం మూడో అధ్యాయంలోనూ అదే మాట, నాలుగో నెలలో శిశువు హృదయం వ్యక్తమవుతుంది, "ద్విహృదయాం చ నారీం దౌహృదినీమాచక్షతే" అని. రెండు గుండెలు కాబట్టి కోరికలు ఆమెవీ లోపలివాడివీ కలిసి వస్తాయని భావం. ఇందులో రేఫకి చోటేదండీ?

గురులఘువు:
చోటు సంగతి తర్వాత, ముందు వ్యాకరణం చెప్పండి. ద్వి మీద వృద్ధి వస్తే, అంటే ఇ కాస్తా ఐ అయితే, "ద్వై" అవ్వాలి కదా, "దౌ" ఎలా అయింది? ఇంకో ఆయుర్వేద గ్రంథకర్త చరకుడు చక్కగా "ద్వైహృదయ్యం" అన్నాడు, అది నియమం ప్రకారం ఉంది. దౌ రావాలంటే దు ఉండాలి. దుర్ + హృద్ నుంచి దౌర్హృదం అంటే ఏ ఇబ్బందీ లేదు. దుర్ అంటే చెడు, సుహృత్తుకి ఎదురు దుర్హృత్తు.

వ్యాఖ్యానప్రియ:
అంటే గర్భిణికి మనసు చెడ్డదైపోయిందనా మీ అర్థం? కాళిదాసు ఆ శ్లోకంలోనే దాన్ని భర్త కోరుకున్న శుభం అనీ ఇక్ష్వాకు వంశానికి మూలం అనీ అంటున్నాడు, అలాంటిచోట దుర్ తెచ్చి పెడతాడా?

చిన్నకోడలు:
నేను సంస్కృతం పెద్దగా చదువుకోలేదు కానీ ఇద్దరు పిల్లల తల్లిని కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. అందరూ కోరికలు కోరికలు అంటారు గానీ మొదట్లో నాకు కోరిక అనేదే లేదు, ఉన్నదంతా ఏవగింపే. ఎంతో ఇష్టమైన కాఫీ వాసన గది అవతల నుంచి వచ్చినా కడుపులో తిప్పేది, వంటింటి గుమ్మం దాటలేకపోయేదాన్ని, నోట్లో ఊరికే నీళ్లు ఊరేవి. పులుపు మీద ఆశ పుట్టింది ఆ తర్వాతే. మనసు చెడటం, గుండెలో వికారం, దుర్ + హృద్ అంటే అదేనేమో, తిట్టు ఎందుకవ్వాలి? మన వేవిళ్లు అనే మాటలో కూడా వాంతులూ ఉన్నాయి, కోరికలూ ఉన్నాయి, రెంటికీ ఒకటే మాట.

గురులఘువు:
చాలా మంచి మాట చెప్పారమ్మా, నాకు ఇది తట్టలేదు. వికారం ఎక్కువమందికి ఆరో వారం చుట్టుపక్కల మొదలై మూడో నెల దాటాక తగ్గుముఖం పడుతుంది. సుశ్రుతుడు కోరికలు చెప్పింది నాలుగో నెలలో. అంటే ముందు దౌర్హృదం, తర్వాత దౌహృదం! రెండూ వేర్వేరు మాటలై ఉండి, రాయసగాళ్ల చేతిలో కలిసిపోయాయని నా ఊహ.

వ్యాఖ్యానప్రియ:
ఊహ బాగుంది కానీ చరకుడు ద్వైహృదయ్యం చెప్పింది మూడో నెలలో, అక్కడే కూలిపోతుంది మీ మెట్ల వరస.

పాళీపాఠకుడు:
మీరిద్దరూ సంస్కృతంలోనే వెతుకుతున్నారు. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో "దోహళ" ఉంది, బుద్ధుడి పూర్వజన్మల జాతక కథల్లో రాణులకీ జంతువులకీ కూడా దోహళాలే, అజాతశత్రువు కడుపులో ఉన్నప్పుడు తల్లికి భర్త బింబిసారుడి రక్తం తాగాలనిపించిన కథ అందరికీ తెలిసిందే. ప్రాకృతంలో రెండుకి "దో". జనం నోట పుట్టిన మాటని పండితులు మళ్లీ సంస్కృతం చెయ్యబోయి ఒకళ్లు దౌహృదం అనీ ఒకళ్లు దౌర్హృదం అనీ చెక్కుకున్నారు. దోహదమే అసలు, మిగతా రెండూ దానికి తొడిగిన చొక్కాలు.

మన పేపర్ల దోహదం కూడా దీనిదే. చెట్టుకీ దోహదం ఉంది, పూలు పూయాలంటే అశోకానికి స్త్రీ కాలి తాపు (కాళిదాసు నాటకం మాళవికాగ్నిమిత్రం మూడో అంకం), పొగడకి పుక్కిట మద్యం. శ్రీహర్షుడి కావ్యం నైషధం మొదటి సర్గలో దానిమ్మకి దోహదధూపం వేస్తారు కాయలు పెద్దవవ్వడానికి. చెట్టు కోరేది కాస్తా చెట్టుకి సాయపడేది అయింది, అక్కడి నుంచి "అభివృద్ధికి దోహదపడుతుంది" దాకా వచ్చేశాం.

అమరం అభిమాని:
సంస్కృత నిఘంటువు అమరంలో "శ్రద్ధాళుర్దోహదవతీ" ఉంది, ఎవరూ ఎత్తలేదేం? వేవిళ్ల మనిషికి పేరు శ్రద్ధాళువు! శ్రద్ధ అంటే అక్కడ కోరికే.

చిన్నకోడలు:
ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. సుశ్రుతంలో ఆ వాక్యం పక్కనే కోరిక తీర్చకపోతే బిడ్డ గూనితోనో మరుగుజ్జుగానో పుడతాడని ఉంటుంది, అది ఇప్పటికీ కడుపుతో ఉన్నవాళ్లకి చెప్పి భయపెట్టేవాళ్లున్నారు. అది నిజం కాదు, దయచేసి ఎవరూ చెప్పకండి. సుదక్షిణలాగా మట్టి, సుద్ద తినాలనిపిస్తే మాత్రం డాక్టరుకి చెప్పండి, రక్తంలో ఐరన్ తక్కువున్నవాళ్లలో అది ఎక్కువగా కనిపిస్తుంది.

పోతన్నభక్తుడు:
మట్టి దగ్గరికి వచ్చారు కాబట్టి నేను ఆగలేను. రఘువంశంలో అదే సర్గ మూడో శ్లోకం, "తదాననం మృత్సురభి క్షితీశ్వరో రహస్యుపాఘ్రాయ న తృప్తిమాయయౌ". దిలీపుడు భార్య నోటి మట్టి వాసన మళ్లీ మళ్లీ చూసి తనివి తీరలేదు. ఇప్పుడు పోతన్న గారి "అమ్మా మన్నుదినంగ" పద్యం గుర్తు చేసుకోండి, "కాదేనిన్ మదీయాస్య గంధమ్మాఘ్రాణము సేసి". వ్యాసుడి భాగవత మూలంలో కృష్ణుడు అన్నది "సమక్షం పశ్య మే ముఖం", నా నోరు చూడు అని. చూడమన్నదాన్ని పోతన్న వాసన చూడమన్నాడు. ఉపాఘ్రాయ, ఆఘ్రాణము, రెండూ వాసన చూడటమే, ధాతువు కూడా అదే! పోతన్న చెవిలో కాళిదాసు మోగుతున్నాడని నా నమ్మకం.

వ్యాఖ్యానప్రియ:
పోలిక అందంగా ఉంది, ఒప్పుకుంటా. కానీ మన్ను తిన్న పిల్లాడి నోరు వాసన చూడటం ఏ తల్లయినా చేసే పనే, దానికి కాళిదాసు అక్కర్లేదు. పైగా అక్కడ మట్టి తిన్నది తల్లి, ఇక్కడ బిడ్డ.

పోతన్నభక్తుడు:
నేను చెప్పేదీ అదేనండీ. అక్కడ రఘువంశం నాలుగో శ్లోకంలో, పుట్టబోయేవాడు భూమినేలుతాడు కనుక తల్లి మనసు ముందు మట్టి మీదకి పోయిందంటాడు. ఇక్కడ భూమిని కడుపులో పెట్టుకున్నవాడే మట్టి తిన్నాడు, నోరు తెరిస్తే లోకాలన్నీ కనిపించాయి.

గురులఘువు:
బాగుంది కానీ "శిశువొనో యాఁకొంటినో వెఱ్ఱినో" అన్నాడు కదా, ఆకలి కూడా ఒక కారణంగా చెప్పినప్పుడు ఆ వెఱ్ఱి ఏమిటి? తెలివిలేనితనమా, తినకూడనిది తినాలనిపించే పిచ్చా? రెండోదైతే మన దోహదానికి దగ్గరౌతుంది.

పోతన్నభక్తుడు:
నేనైతే రెండోదే అంటాను. శిశువు అన్నాక మళ్లీ తెలివిలేనితనం దేనికి, పోతన్న ఒకే మాట రెండుసార్లు చెప్పే కవి కాదు.