వైరస్‌కి ‘వంగడం’ అనొచ్చా?

దర్శి: శనగపచ్చ పురుగుకొచ్చే ఎన్‌పీవీ అనే, పురుగుని చంపే వైరస్ మీద ఒక వ్యాసంలో ‘వివిధ ప్రాంతాల వైరస్ వంగడాల జన్యుపటాల పోలిక’ అని ఉంది. వంగడం అంటే మనకు శనగలో జేజీ 11, వరిలో నెల్లూరు మసూరి. వైరస్‌కి ఆ మాట ఎట్టా కుదురుద్ది? ఇంగ్లీషులో ఐసోలేట్ (ఏరి వేరుచేసిన వైరస్) అంటారే, దానికి తెలుగు మాటే లేదా?

కావలి: వంగడం అంటే పాత అర్థం వంశమే అన్నా. విత్తనానికి అంటుకుంది తర్వాతే. కాబట్టి వైరస్‌కి వాడినా మాటకేం నష్టం లేదు. ఐసోలేట్‌కి వాడటమే తప్పు. చేలో తల్లకిందులుగా వేలాడి చచ్చిన పురుగుల్ని ఏరి, నీళ్ళతో నూరి, పల్చటి గుడ్డలో వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసిన వైరస్ ఐసోలేట్. ఏ ఊళ్ళో దొరికిందో చెప్తుంది, అంతే. వంశం తేలేది జీనోమ్ (వైరస్ డీఎన్ఏ అక్షరాల మొత్తం వరస) పోల్చినాకే. నాగులుప్పలపాడుదీ ఆత్మకూరుదీ ఒకే వంగడం కావచ్చు. ఒక్క పురుగులోనే రెండు మూడు వంగడాలు కలిసి ఉండనూవచ్చు.

కొండపి: ఎంత తేడా వస్తే వేరు అంటారు సార్?

నెల్లూరు: జాతి వరకైతే లెక్క ఉంది. పాలిహెడ్రిన్, లెఫ్-8, లెఫ్-9 అనే మూడు జన్యువుల్ని కిమురా పద్ధతిలో పోల్చి, అక్షరాలు ఎంత మారాయో లెక్కకడతారు. ఆ తేడానే దూరం అంటారు. అది 0.015 లోపుంటే ఒకే జాతి, 0.05 దాటితే వేరు జాతి, మధ్యలో పడితే ఏ పురుగుకు సోకుతుందో లాంటివి కూడా చూడాలి. వంగడాలకు ఈ కొలత చాలదు. అవన్నీ 0.015 లోపలే ఉంటాయి, మొత్తం జీనోమ్ చదవాల్సిందే. చైనాలో ఇదే వైరస్‌వి జీ4 అనే ఐసోలేట్ 1,31,403 అక్షరాలు, సీ1 అనేది 1,30,759. ఒకే దేశంలో 644 అక్షరాల తేడా. ఇట్టాంటి తేడాలు ఎక్కువగా హెచ్‌ఆర్ అనే పునరావృత భాగాల్లో, బ్రో అనే జన్యువుల్లో కనపడతాయి.

చిక్కంతా ఆ హెచ్‌ఆర్‌ల దగ్గరే. జీనోమ్‌ని 150 అక్షరాల చిన్న ముక్కలుగా చదివి అతికిస్తే ఒకేలాంటి వరసలు ఒకదాని మీద ఒకటి పడి, భాగం పొట్టిదైపోతుంది. లేని తేడా కాగితం మీదికి వస్తుంది. పొడవు ముక్కలతో చదవాలి, లేదా ఆ భాగానికి అటూ ఇటూ ప్రైమర్లు (హద్దు చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెట్టి, పీసీఆర్‌తో (ఆ భాగానికి నకళ్ళు తీసే పద్ధతి) పొడవు సరిచూసుకోవాలి.

కావలి: ఇంకోటి. ఈ జీనోమ్ గుండ్రంగా ఉంటుంది, మొదలూ చివరా లేవు. పాలిహెడ్రిన్ జన్యువు మొదటి అక్షరాన్ని ఒకటో అంకెగా పెట్టుకోవడం వాడుక. ఒకరు అక్కడ, ఇంకొకరు వేరేచోట మొదలుపెడితే, లేదా డీఎన్ఏ రెండో పోగు వైపు నుంచి రాస్తే, వైరస్ ముక్కలై తిరగబడినట్టు కనపడుద్ది. పోల్చేముందు రెండింటినీ ఒకే మొదలుకి తిప్పుకోవాలి. పురుగే కాదు, దాని వైరస్ రాతా తల్లకిందులే!

దర్శి: అయితే ఐసోలేట్‌ని ‘నమూనా’ అంటే?

నెల్లూరు: వద్దన్నా. నమూనా అంటే చేలో ఏరిన పురుగులు. ఒక నమూనాలోంచి రెండు ఐసోలేట్లు తీయొచ్చు.

కొండపి: ‘ఏరిక’ అంటే ఎట్టుంటుంది? ఒంగోలు ఏరిక, కోయంబత్తూరు ఏరిక. ఏరి తీసిందని తెలుస్తుంది, వంశం మాట ఎత్తదు.

కావలి: వినడానికి బాగుంది మేడం గారూ. కానీ పట్టికలో ఒంటరిగా పెడితే ఎవరికీ అర్థం కాదు. ఐసోలేట్ అనే రాసి, పక్కన దొరికిన ఊరు, తేదీ, పైరు, పురుగు వేస్తే చాలు. వంగడం అన్న గడి పోలిక అయ్యేదాకా ఖాళీగా ఉంచండి.

దర్శి: మరి ‘జన్యుపటం’?

నెల్లూరు: అదీ మార్చాలి. పటం అంటే ఏ జన్యువు ఎక్కడుందో చూపే బొమ్మ. అక్షరాల వరస అయితే జన్యుక్రమం. ఆ వ్యాసంలో పోల్చింది క్రమాల్నే అయితే శీర్షిక ‘వివిధ ప్రాంతాల ఐసోలేట్ల జన్యుక్రమాల పోలిక’ అని ఉండాలి.