అప్‌డేట్: మా చెలకలోని రాళ్ల వలయం

నల్లగొండ జిల్లాలోని మా చెలకలో ట్రాక్టరుతో దున్నుతుంటే రాళ్ల వలయం బయటపడిందని, పక్కనే జొన్న ఒక గీత వెంట మాత్రమే ఏపుగా పెరుగుతోందని, ఇవి ఏమిటని జూన్‌లో ఇక్కడ అడిగాను. తవ్వవద్దన్న మీ మాట విన్నందుకు ఇప్పుడు ఎంతో సంతోషంగా ఉంది.

పురావస్తు పరిశోధకులు ఇద్దరు వచ్చి రెండు రోజులున్నారు. గడ్డపార ముట్టలేదు. వలయాన్ని కొలిచి (అడ్డంగా సుమారు 9 మీటర్లు) పటం గీశారు, నేల పైన దొరికిన కుండపెంకులు ఏరారు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకును అరచేతిలో పెట్టినప్పుడు నాకు మాట రాలేదు. మా తాత వీటిని రాకాసి గుళ్లు అనేవాడు. పరిశోధకులేమో ఇవి ఇనుపయుగపు సమాధులు కావచ్చన్నారు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి కదా, అదే బృహత్ శిలా సంస్కృతి, అంటే పెద్ద పెద్ద రాళ్లతో సమాధులు, గుర్తులు నిలిపినవాళ్లది.

జొన్న గీత సంగతి వేరు. పూడిపోయిన కాలువలో తేమ నిలిస్తే పైరు అలా పెరుగుతుందట. అది పాతదో, నిన్నమొన్నటిదో తవ్వకుండా చెప్పలేమన్నారు. పెంకులు పైన దొరికినంత మాత్రాన కాలువకు ఆ కాలం అంటగట్టకూడదు.

వలయం చుట్టూ నాలుగు గజాలు వదిలి కంది వేశాం.