మన డాక్యుమెంటేషన్‌కి వికీ పెడదామా, కోడ్‌తోనే ఉంచుదామా?

దీపస్తంభం:
మన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే సమాచారం ఒక చోట లేదు. రీడ్‌మీలో కొంత, పాత మెయిళ్ళలో కొంత, మిగతాది ఇద్దరు ముగ్గురి బుర్రల్లో ఉంది. కొత్తవాళ్ళు అడిగిందే అడుగుతున్నారు, మనం చెప్పిందే చెబుతున్నాం. ఒక వికీ పెట్టి, ఎవరికి తప్పు కనిపిస్తే వాళ్ళే దిద్దేలా చేద్దాం. ఏమంటారు?

మూలపాఠం:
నేను ఒప్పుకోను. డాక్యుమెంటేషన్ కోడ్ ఉన్న రిపోలోనే, అంటే ఫైళ్ళనీ వాటి మార్పుల చరిత్రనీ గిట్‌తో దాచే చోటే, ఉండాలి. ఆప్షన్ పేరు మార్చే పుల్ రిక్వెస్ట్‌లోనే (మార్పు చేర్చుకోమని పంపే వినతిలోనే) దాని వివరణా మారాలి. మార్చకపోతే రివ్యూలో పట్టుకుంటాం. వికీ వేరే చోట పెడితే కోడ్ ముందుకు పోతుంది, పేజీ వెనకే ఉండిపోతుంది. పాత వెర్షన్ వాడేవాళ్ళకి ఏ పేజీ చూపిస్తాం? రిపోలో అయితే ఆ వెర్షన్‌కి గుర్తుగా పెట్టిన ట్యాగ్‌కి వెళ్తే అప్పటి పాఠమే దొరుకుతుంది. లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ సోర్సులోనే ఉంటుంది. మొజిల్లా వాళ్ళ వెబ్ డాక్యుమెంటేషన్ సైటు ఎండీఎన్ ఏళ్ళ తరబడి వికీగా నడిచి 2020 డిసెంబరులో గిట్‌కి మారింది. అంతవాళ్ళే వికీ వదిలేశాక మనకి కొత్తగా ఎందుకు?

గళ్ళనోటు:
రిపోలో పేజీలు రాసే మార్క్‌డౌన్ పద్ధతిలో టేబుల్ రాయడం నరకం. ఒక గడిలో రెండు లైన్లు కావాలంటే హెచ్‌టీఎంఎల్ ట్యాగే దిక్కు. ముందు అది తేల్చండి.

పత్రలేఖ:
ఎండీఎన్ సంగతి సగమే చెప్పారు. ఆ మార్పుతో అనువాదాలు ఆగిపోయాయి. చూసుకోవడానికి బృందాలు ముందుకొచ్చిన భాషలు మిగిలాయి, మిగతావి తీసేశారు. ఆర్చ్ లినక్స్ వాళ్ళ వికీ చూడండి, వికీపీడియా వాడే మీడియావికీ మీదే నడుస్తోంది. ఆర్చ్ వాడనివాళ్ళు కూడా వెతుక్కుంటూ అక్కడికే వెళ్తారు. వార్డ్ కనింగ్‌హామ్ 1995లో మొదటి వికీ పెట్టినప్పుడు హవాయి భాషలో ‘త్వరగా’ అనే మాటనే పేరుగా తీసుకున్నారు. తప్పు చూసినవాళ్ళు అక్కడికక్కడే దిద్దగలగాలి. మన దగ్గర ఒక్క అక్షరం దిద్దాలన్నా ఫోర్క్ (సొంత నకలు), బ్రాంచ్ (అందులో వేరే పాయ), పుల్ రిక్వెస్ట్, ఆపైన మీరు ఎప్పుడు చూస్తారా అని పడిగాపులు.

మూలపాఠం:
గిట్ ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు. బ్రౌజర్‌లో గిట్‌హబ్ తెరిచి పెన్సిల్ బొమ్మ నొక్కితే ఫోర్క్ చేసుకునే బటన్ అక్కడే వస్తుంది. రెండు నిమిషాల పని.

పత్రలేఖ:
పంపడానికి రెండు నిమిషాలు. నేను అడుగుతున్నది ఆ తర్వాత సంగతి.

రాత్రిపాళి:
స్పామ్ ఎవరు ఊడుస్తారు? ఎవరైనా రాయొచ్చని తెరిచిన ఒక వికీ వారంలో చెత్త లింకులతో నిండిపోవడం నేను చూశాను.

నిలకడ:
గిట్‌హబ్ ఇచ్చే వికీ వాడదామన్నా ఒక చిక్కుంది. రిపోకి 500 స్టార్లు (నచ్చిందని జనం పెట్టే గుర్తులు) ఉండి, బయటివాళ్ళు ఎడిట్ చెయ్యకుండా మూసి ఉంచితేనే సెర్చ్ ఇంజిన్లలో వస్తుంది. అందరికీ తెరిస్తే ఎవరికీ కనపడదు. పైగా ఆ వికీ లోపల గిట్ రిపోనే అయినా దానికి పుల్ రిక్వెస్ట్ పెట్టలేం. సొంతంగా పెట్టుకుంటే డోకువికీ అనే సాఫ్ట్‌వేర్ నయం, డేటాబేస్ అక్కర్లేదు, పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళు. జెంటూ లినక్స్ అనధికార వికీ 2008లో డేటా పోగొట్టుకుంది, అది మాత్రం మరిచిపోవద్దు.

మూలపాఠం:
నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతాను. ఇంతకుముందు నేను పనిచేసిన ప్రాజెక్టుకి వికీ ఉండేది. ‘ముందు ట్రయల్ వేసి చూడండి’ అన్న వాక్యం అనవసరం అనుకుని ఎవరో తీసేశారు. దాని కింద కమాండ్‌లో, మూలంలో లేని ఫైళ్ళని గమ్యంలో తుడిచేసే ఆప్షన్ ఉంది. ఒకాయన రెండు ఫోల్డర్లనీ తారుమారుగా ఇచ్చి ఎంటర్ కొట్టాడు. పిల్లల ఫొటోలు పోయాయి. రాత్రి పదకొండింటికి మెయిల్ నాకొచ్చింది. వాక్యం తీసినవాళ్ళు ఎవరని చూస్తే చరిత్రలో ఐపీ అడ్రసు తప్ప ఏమీ లేదు. రాసినవాళ్ళు రాసి వెళ్ళిపోతారు, జవాబు చెప్పాల్సింది నేను.

పత్రలేఖ:
ఆ ఫొటోల సంగతి చదివి నాకూ కష్టంగా ఉంది. కానీ ‘రాసి వెళ్ళిపోతారు’ అని నన్నూ కలిపి అనకండి. మన రిస్టోర్ పేజీలో, ఫైళ్ళ ఓనర్‌షిప్ కూడా తిరిగి రావాలంటే రూట్‌గా (పూర్తి అధికారాలున్న యూజర్‌గా) నడపాలన్న ముక్కే లేదు. మూడు సాయంత్రాలు కూర్చుని, ఖాళీ మెషీన్ మీద చేసి చూసి, ఒక్కో అడుగూ రాసి పంపాను. ఆరు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఈలోపు అదే చోట వేరే మార్పులు చేరి కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందని మూసేశారు. తర్వాతి రిలీజులో అదే పాఠం, నా ఉదాహరణతో సహా, మీ కమిట్‌లో (చరిత్రలో నమోదైన మార్పులో) మీ పేరు మీద ఉంది. కోడ్ అయితే అలా చేసేవారా?

మూలపాఠం:
రిలీజు టెన్షన్‌లో మీ పాఠం తీసుకుని అతికించాను. కానీ దానికీ వికీకీ సంబంధం ఏమిటి?

పత్రలేఖ:
సంబంధం అదే. నాకు వికీ మీద మోజు లేదు. ఒక పేజీ బాగుచెయ్యడానికి మీ తీరిక కోసం కాచుకోవాల్సిన పని లేని చోటు కావాలి.

దీపస్తంభం:
అయితే ఇలా చేద్దామా? పత్రలేఖ గారికి రిపోలో రాసే (రైట్) పర్మిషన్ ఇచ్చి, కోడ్‌ఓనర్స్ ఫైలులో డాక్స్ ఫోల్డర్‌కి ఆవిడ పేరు పెడదాం. అక్కడ ఏ మార్పు వచ్చినా రివ్యూ ఆవిడకే వెళ్తుంది.

గళ్ళనోటు:
టేబుళ్ళు?

మూలపాఠం:
పత్రలేఖ గారూ, కమిట్‌లో మీ పేరు పెట్టకపోవడం నా తప్పే. పాత చరిత్ర తిరగరాస్తే అందరి దగ్గరున్న క్లోన్లూ (నకళ్ళూ) చెడతాయి కాబట్టి అది మార్చలేను. రిలీజ్ నోట్స్‌లో ఈ రాత్రే చేరుస్తాను. డాక్స్ ఫోల్డర్ మీరే చూసుకోండి. డిలీట్ ఆప్షన్ పేజీ, రిస్టోర్ పేజీ మాత్రం నేను చూడకుండా మారకూడదు.

పత్రలేఖ:
డిలీట్ పేజీ మీ దగ్గరే ఉంచుకోండి, అక్కడ మీరన్నది న్యాయం. రిస్టోర్ పేజీకి మాత్రం ఒప్పుకోను. అది నేను రాసిన పేజీ.