ధర పెరగడానికీ, పెంచడానికీ ఇంగ్లీషులో తేడా ఏమిటి?

ప్రశ్న (కర్నూలు): మాకు చిన్న బట్టల దుకాణం ఉంది. ‘వియ్ వెంట్ అప్ ది ప్రైస్’ అని నేను రాసిన వాక్యాన్ని మా అధ్యాపకురాలు కొట్టివేశారు. ‘గో అప్’ అంటే పెరగడమే కదా, తప్పెక్కడుందో దయచేసి వివరించగలరు.

జవాబు (అనంతపురం): తప్పును తెలుగులోనే పట్టుకోవచ్చు. పత్తికొండ మార్కెట్టులో టమాటా ధర పెరుగుతుంది. దుకాణదారు తన సరుకు ధర పెంచుతాడు. పెరగడం ‘గో అప్’, పెంచడం ‘పుట్ అప్’. అదేవిధంగా తగ్గడం ‘కమ్ డౌన్’, తగ్గించడం ‘బ్రింగ్ డౌన్’. కాబట్టి ‘వియ్ పుట్ అప్ ది ప్రైస్’ అని రాయండి.

జవాబు (కడప): మీది బట్టల దుకాణం కనుక ఇంకొకటి చెబుతాను. చీర చీటీ మీద 900 కొట్టివేసి 750 అని రాస్తే అది ‘మార్క్ డౌన్’. బేరంలో నోటిమాటగా ఓ 50 తగ్గిస్తే ‘నాక్ ఆఫ్’. అయితే ‘ఇట్’ వచ్చినప్పుడు అది మధ్యలోనే కూర్చోవాలి: ‘మార్క్ ఇట్ డౌన్’ అనాలే గాని ‘మార్క్ డౌన్ ఇట్’ అనకూడదు. ఇక్కడే నాకు రెండు పరీక్షల్లో మార్కులు పోయాయి.

ప్రశ్న అడిగినవారు: పెరుగు, పెంచు అనుకోగానే అర్థమైంది. ధన్యవాదాలండి.