వాడిన ఆట సామాను బడికి ఇవ్వాలనుకుంటున్నాను: ఏవి ఇవ్వవచ్చు, ఏవి ఇవ్వకూడదు?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

నమస్కారం. మా అబ్బాయి పదో తరగతి వరకు అకాడమీలో క్రికెట్ ఆడి, ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుకు వెళ్లిపోవడంతో వాడి సామానంతా అటకెక్కింది. రెండు హారో సైజు (పెద్ద పిల్లలు వాడే కొలత) బ్యాట్లు, ప్యాడ్లు, గ్లోవ్స్, ఒక హెల్మెట్, మూడు బ్యాడ్మింటన్ రాకెట్లు ఉన్నాయి. వాటి పక్కనే నేను 2012లో కొని, కొన్నాళ్లు కొండలెక్కడానికి వాడిన తాడు, నడుముకు కట్టుకునే హార్నెస్, టెంటు, బూట్లు కూడా ఉన్నాయి. వీటిని నర్సంపేట దగ్గర మా ఊరి ఉన్నత పాఠశాలకు ఇవ్వాలని ఉంది. అయితే మా ఇల్లు ఖాళీ చేసుకోవడానికి పిల్లలకు పనికిరానివి అంటగట్టినట్లు కాకూడదు. ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1 (జిల్లా పరిషత్ పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు)

అయ్యా, సామాను కట్టే ముందు ఆ బడి పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) గారితో ఒకసారి మాట్లాడండి. కొన్నేళ్ల క్రితం మా బడికి ఒక దాత మూడు గోనె సంచుల సామాను పంపారు. విప్పి చూస్తే ఎడమ కాలి ప్యాడ్లు నాలుగు, కుడి కాలివి ఒక్కటే ఉన్నాయి. బూట్లన్నీ పదో నంబరువి. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఆశపడి ఆ బూట్ల ముందు భాగంలో కాగితాలు కుక్కుకుని పరుగెత్తి, చీలమండ బెణికించుకుని నెల రోజులు ఆటకు దూరమయ్యాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మా పిల్లలు ఎక్కువగా ఆడేది కబడ్డీ, ఖోఖో, వాలీబాల్; క్రికెట్ ఆడినా టెన్నిస్ బంతితోనే ఆడతారు. కాబట్టి ప్యాడ్లు, గ్లోవ్స్ తోలు బంతితో సాధన చేసే పిల్లలున్న చోటికి చేరితేనే వాటికి విలువ. రాకెట్లకు మాత్రం మీరే నగరంలో గట్టింగ్ (తీగలు బిగించడం) చేయించి, ఒక డబ్బా నైలాన్ షటిల్స్ జోడించి ఇవ్వండి. మా దగ్గర గట్టింగ్ చేసేవారు లేనందువల్ల ఒక్క తీగ తెగినా రాకెట్టు మూలన పడుతుంది. వీలైతే బంతికి గాలి కొట్టే పంపు, నాలుగు సూదులు కూడా పెట్టండి. సూది పోయిందంటే వాలీబాల్ ఆట ఆగిపోయినట్లే.

జవాబు 2 (రాక్ క్లైంబింగ్ శిక్షకురాలు)

మీ తాడును, హార్నెస్‌ను దయచేసి ఎవరికీ ఇవ్వకండి. నైలాన్ తాడు అసలు వాడకపోయినా తయారైన పదేళ్లకు మించి నమ్మకూడదని తయారీదారులు సాధారణంగా చెబుతారు. పైకి చక్కగా కనిపించే తాడును చేతిలోకి తీసుకుని మూరెడు మూరెడుగా ఉంగరంలా వంచి చూడండి. ఎక్కడైనా గుండ్రంగా తిరగకుండా చదునుగా మడత పడితే లోపలి పోగులు దెబ్బతిన్నట్లే. తాడులాట పోటీకి పనికొస్తుందిలే అని కూడా ఇవ్వవద్దు, ఎందుకంటే సాగే నైలాన్ తాడు తెగిందంటే కొరడాలా వెనక్కి కొట్టి తీవ్రంగా గాయపరుస్తుంది. దానిని చిన్న ముక్కలుగా కోసి, హార్నెస్ పట్టీలను కత్తిరించి పారవేయండి.

హెల్మెట్‌కు గట్టి దెబ్బ తగిలి ఉంటే అదీ అంతే. బూట్ల అడుగును బొటనవేలితో నొక్కి చూడండి: వాడకుండా ఏళ్ల తరబడి దాచిన బూట్ల పాలీయురెథేన్ పొర పొడిగా రాలిపోతుంది. టెంటు లోపలి పూత చేతికి జిగురుగా అంటకపోతే నిశ్చింతగా ఇవ్వవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారు తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదనే. అటువంటి పిల్లలు మన చేతి తాడును నమ్మి వేలాడతారు.

జవాబు 3

బడికి అక్కరలేనివి మిగిలితే గూంజ్ వంటి సంస్థలను అడిగి చూడండి. వాడిన వస్తువులను సేకరించి గ్రామాలకు చేర్చడం వారి పని. అయితే వస్తువుల రూపంలో ఇచ్చిన దానానికి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. నర్సంపేటకు ఆర్టీసీ కార్గోలో పంపవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పీఈటీ గారితో ఇప్పుడే మాట్లాడాను. ఆయన రాకెట్లు, టెంటు కావాలన్నారు. తోలు బంతితో ఆడే అమ్మాయిలు ఇద్దరు పక్క ఊరి బడిలో ఉన్నారని, బ్యాట్లు, ప్యాడ్లు, గ్లోవ్స్ వారికి చేరుస్తానని చెప్పారు. హెల్మెట్ లోపలి ఫోమ్ ఒకచోట చీలి ఉంది, అది ఇవ్వను. బూట్ల అడుగు నొక్కగానే పొడి రాలింది. తాడును ఈ సాయంత్రమే ముక్కలు చేస్తాను.