ఎంపీసీ అయ్యాక బీఏ ఇంటర్నేషనల్ స్టడీస్ అంటోంది మా చెల్లి. చదివినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?

కొరిటెపాడు కుర్రోడు

మా చెల్లి ఈ ఏడే ఇంటర్ అయింది. ఎంపీసీ, మంచి మార్కులే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి సర్టిఫికెట్లు జిరాక్సులు తీయించి పెట్టాం. రాత్రి భోజనాల దగ్గర "నేను ఇంజినీరింగ్ చదవను, ఇంటర్నేషనల్ స్టడీస్ చదువుతా" అంది. మా నాన్న ఏమీ అనలేదు గానీ పెరుగన్నం తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. మా ఇంట్లో అంతకు మించిన నిరసన లేదు.

అసలు ఆ కోర్సులో ఏం చెప్తారు? బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల చదవొచ్చా, బయటికి పంపాలా? ఒక కాలేజీ వాళ్ళు రోజూ ఫోన్ చేసి "ఇది చేస్తే నేరుగా విదేశాంగ శాఖలో ఉద్యోగం" అంటున్నారు. నిజమేనా?

పటమట పిల్ల

అన్నా, నేను అదే కోర్సులో రెండో ఏడాది. రాజధాని వైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ. పేరు చెప్పను, ఎందుకో కింద తెలుస్తుంది.

నేనూ ఎంపీసీయే. రెండేళ్ళు పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లలో బిట్లు కొట్టి వచ్చినదాన్ని. మొదటి వారంలోనే సార్ నాలుగైదు పేజీలు చేతిలో పెట్టారు. క్రీస్తుపూర్వం 416, గ్రీసు. ఏథెన్స్ నగరం వాళ్ళు ఓడలేసుకుని మీలోస్ అనే చిన్న దీవి మీదికొచ్చి లొంగిపొమ్మంటారు. మేం ఎవరి పక్షమూ కాదు, మా మానాన మమ్మల్ని వదిలెయ్యండని వాళ్ళు బతిమాలతారు. బలమున్నవాడు చేయగలిగింది చేస్తాడు, లేనివాడు పడతాడు అని ఏథెన్స్ జవాబు. చివరికి మగాళ్ళని చంపి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మేశారు. "మీరు మీలోస్ పెద్దలైతే ఏం చేసేవాళ్ళు?" అని సార్ అడిగితే అందరూ తలో మాటా చెప్పారు. నేను చెయ్యెత్తి "సార్, ఇందులో కరెక్ట్ ఆన్సర్ ఏది?" అన్నా. క్లాసంతా నవ్వారు. ఇప్పటికీ నన్ను "కరెక్ట్ ఆన్సర్" అనే పిలుస్తారు.

మొదటి వ్యాసానికి 30కి 11 వచ్చాయి. 1648 వెస్ట్‌ఫాలియా సంధి, 1945లో ఐక్యరాజ్యసమితి, భద్రతా మండలిలో 15 మంది, అందులో అయిదుగురికి వీటో, అన్నీ తప్పుల్లేకుండా రాశా. మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "ఇదంతా సమాచారం. నీ వాదన ఏది?" అని రాశారు. మా చదువుల్లో ఆ మాట ఎవరన్నా అడిగారా? చెల్లికి మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. చదవాల్సింది కూడా వారానికి ఎనభై, వంద పేజీలు ఉంటుంది, అంతా ఇంగ్లీషే.

ఇక పేరెందుకు చెప్పలేదంటే, బ్రోచర్లో ఫ్రెంచి, జపనీసు అని రంగుల్లో వేశారు. నేను చేరాక ఏడాదంతా ఫ్రెంచికి టీచరే రాలేదు, వీడియోలు పెట్టారు. జపనీసు మాటే ఎత్తలేదు. చేరేముందు క్యాంపస్‌కి వెళ్ళి సీనియర్లని పట్టుకోండి, "భాష ఎవరు చెప్తున్నారు, వారానికి ఎన్ని క్లాసులు" అని. అడ్మిషన్ ఆఫీసులో అడిగి లాభం లేదు.

నాలుగు అటెంప్ట్‌లు

ఆ ఫోన్ చేసేవాళ్ళ మాట శుద్ధ అబద్ధం. ఐఎఫ్‌ఎస్, అంటే విదేశాంగ సర్వీసు కావాలంటే యూపీఎస్సీ సివిల్సే రాయాలి. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 21 నిండాలి, బీటెక్ వాళ్ళూ కొడుతున్నారు. ఇంకో దారి ఎస్ఎస్‌సీ సీజీఎల్ అని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష, దాంట్లో విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులుంటాయి. దానికీ ఏదో ఒక డిగ్రీ చాలు. ఈ బీఏ వల్ల లాభమల్లా జనరల్ స్టడీస్ రెండో పేపరూ, పొలిటికల్ సైన్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆప్షనలూ కొంచెం తేలికవుతాయి. నాలుగుసార్లు రాసి చెప్తున్నా.

లెనిన్ సెంటర్ పాత పుస్తకం

డిగ్రీ మీద ఆ పేరే ఉండాలని పట్టుపట్టకండి. నేను బెజవాడలో ప్రభుత్వ కాలేజీలో తెలుగు మీడియం బీఏ చేశా, తర్వాత ఎంఏ. ఢిల్లీ జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ అని అందరూ చెప్పుకునేది ఉంది చూశారూ, 1955లో విడి సంస్థగా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. అక్కడ ఈ సబ్జెక్టు ఎంఏ నుంచే. బీఏలో ఉండేవి విదేశీ భాషలు. కాబట్టి డిగ్రీలో పొలిటికల్ సైన్స్ గట్టిగా చదివి, పక్కన ఎకనామిక్సో హిస్టరీయో పట్టుకుని, పీజీలో ఇటు తిరగడం పాత దారి, ఖర్చు తక్కువ దారి. బయటికి పంపే ఉద్దేశముంటే సీయూఈటీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రెన్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ కూడా చూడండి. ఢిల్లీ యూనివర్సిటీకైతే ఇంటర్లో చదివిన సబ్జెక్టులే రాయాలంటారు, బులెటిన్ ముందే చదువుకోండి.

ఇంగ్లీషు గురించి పై అమ్మాయి చెప్పింది నిజం. నేను ఒక లాంగ్‌బుక్కు పెట్టుకున్నా. ఎడమవైపు బ్యాలెన్స్ ఆఫ్ పవర్, కుడివైపు అధికార సమతౌల్యం. సావర్నిటీ, సార్వభౌమాధికారం. నాన్ అలైన్‌మెంట్, అలీన విధానం. ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో విషయం పట్టుకుని, తర్వాత అదే ఇంగ్లీషులో చదివేవాణ్ణి. ఆర్నెల్లకి ఆ బుక్కు అక్కర్లేకపోయింది.

పుస్తకాలు కొత్తవి కొనకండి. ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు ఉన్నాయి కదా, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు అప్పుడప్పుడు దొరుకుతాయి. సోవియట్ యూనియన్ 1991లో పోయింది, లెనిన్ విగ్రహం మాత్రం మన బెజవాడలో ఇంకా నిలబడే ఉంది. ప్రచ్ఛన్న యుద్ధం పాఠం చెప్పేవాళ్ళు పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకొస్తే బాగుండు.

ఘాటు తేజ

మాది గుంటూరు మిర్చి యార్డు. నాన్న కమీషన్ కొట్టు. నేను పోయినేడే ఇదే డిగ్రీ అయ్యా, ఊరు బయట చదివా. మొదట్లో మావాళ్ళూ ఎగతాళే, "ఏందిరా, అమెరికా ప్రెసిడెంటుకి సలహాలిస్తావా" అని.

2020 ఫిబ్రవరి గుర్తుందా? ఇక్కడ లాక్‌డౌన్ ఇంకా పెట్టలా. చైనాలో జబ్బు వచ్చిందని అక్కడికి ఎగుమతి ఆగి, తేజ రకం మిర్చి రేటు దిగిపోయింది. యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చున్న రైతు ఒకాయన "ఊహాన్ యాడుంది బాబూ?" అని నన్నడిగాడు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. ఫోన్లో మ్యాపు తీసి చూపించా. ఆయన చాలాసేపు చూసి "ఇంత దూరమా" అన్నాడు. అంతే, ఇంకేం అనలా.

డిగ్రీలో కియోహేన్, నై అని ఇద్దరు 1977లో చెప్పిన పరస్పరాధారం పాఠం వచ్చినప్పుడు నాకు ఆయనే కళ్ళ ముందు కనపడ్డాడు. ఒకరి మీద ఒకరు ఆధారపడటం సరే, తెగితే ఎవరికి ఎక్కువ నొప్పి అన్నదే అసలు ప్రశ్న అంటారు వాళ్ళు. చివరి ఏడాది ప్రాజెక్టు దాని మీదే చేశా. 2022 ఏప్రిల్లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది కదా, ఆ టైములో మా కొట్లో సరుకు కొని కొలంబోకి పంపిన ఎగుమతిదారు ఒకాయనకి డబ్బు నెలల తరబడి రాలా. అక్కడి బ్యాంకులో డాలర్లు లేవు. ఆయన మాకు ఆపాడు, నాన్న రైతులకి సర్దలేక మా అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాడు. కొలంబోలో డాలరు లేకపోతే అరండల్‌పేటలో గాజులు తాకట్టు. ప్రాజెక్టులో ఆ వాక్యం రాస్తే గైడు కొట్టేయమన్నారు, శాస్త్రీయంగా లేదని. కొట్టేశా. మార్కులు బానే వచ్చాయి.

ఉద్యోగమా? ఎగుమతుల కంపెనీలో డాక్యుమెంటేషన్ పని. జీతం బీటెక్ ఫ్రెండ్స్ కంటే తక్కువే, దాచేదేముంది. మీ చెల్లిని ఎక్సెల్, కొంచెం స్టాటిస్టిక్స్ నేర్చుకోమనండి. ఎంపీసీ పిల్ల కాబట్టి మిగతావాళ్ళకంటే ముందుంటుంది.

మంగళగిరి మాస్టారు

అమ్మాయి అడ్మిషన్‌కి ముందు ఓ చిన్న పరీక్ష పెట్టుకోవాలి. సింధు జలాల ఒప్పందం 1960 గురించి నెట్లో నాలుగు వ్యాసాలు, రెండు మనవాళ్ళవి, రెండు పాకిస్తాన్ వాళ్ళవి చదవమనండి. పక్కనే కృష్ణా మీద బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఎలా ఇచ్చిందో చూడమనండి. ఒకటి దేశాల మధ్య, ఒకటి రాష్ట్రాల మధ్య. తేడా ఎక్కడుందో రెండు పేజీలు రాయమనండి. రాస్తూ రాస్తూ విసుగొస్తే ఈ చదువు ఆమెది కాదు. రెండు పేజీలు చాలకపోతే మీ నాన్నగారితో నేను మాట్లాడతాను.

కొరిటెపాడు కుర్రోడు

అందరికీ థాంక్స్. మాస్టారూ, అయిదు పేజీలైంది, ఇంకా రాస్తానే ఉంది. తేజ అన్నా, నీది నాన్నకి చదివి వినిపించా. గాజుల దగ్గర ఆపమన్నాడు. కాసేపటికి "ఆ బ్యాంకు కాయితాల సంగతి కూడా చెప్తారంటనా ఆ చదువులో?" అన్నాడు. ఆదివారం ముగ్గురం లెనిన్ సెంటర్ వస్తున్నాం, ఏ కొట్టు బాగుంటుందో చెప్పండి.